కిడ్నీ గడ్డలోకి చేరిన టీ కణాలు ఎందుకు ఆగిపోతాయి?

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, అనంతపురంలో, కర్నూలులో, కడపలో స్కానింగ్ సెంటర్ల ముందు నడుము పట్టుకుని కూర్చున్నవాళ్లు కనబడతారు. ఎండలో పని, తాగేది చెంబెడు నీళ్లు, పోయేది బిందెడు చెమట, మూత్రం చిక్కబడి కిడ్నీలో రాళ్లు. సీమలో ఇది తెలియని ఇల్లు లేదు. కానీ రాయి ఉందేమో చూడమని రాసిన అల్ట్రాసౌండ్‌లో ఒక్కోసారి రాయితో ఏ సంబంధమూ లేనిది ఒకటి బయటపడుతుంది, కిడ్నీ అంచున మూడు నాలుగు సెంటీమీటర్ల గడ్డ. దాని వల్ల నొప్పి లేదు, మూత్రంలో రక్తం లేదు, ఎన్నాళ్లుగా ఉందో కూడా ఎవరూ చెప్పలేరు. ప్రపంచం మొత్తం మీద ఇవాళ బయటపడుతున్న కిడ్నీ క్యాన్సర్లలో సగానికి పైగా ఇలా వేరే దేనికోసమో తీసిన స్కాన్‌లో దొరుకుతున్నవే. రాయి గడ్డగా మారలేదు. రాయి కోసం వెతుకుతుంటే గడ్డ కంటపడింది, అంతే.

రిపోర్టు ఇంటికొచ్చాక మొదట వినబడే మాట ఒకటుంది: "ఒంట్లో ఇమ్యూనిటీ లేదు, అందుకే ఇది పట్టుకుంది." ఆ వెంటనే బంధువులు తలా ఒక పొడి, తలా ఒక కషాయం చెప్తారు, ప్రేమతోనే చెప్తారు. అయితే కిడ్నీ క్యాన్సర్ విషయంలో ఈ ఆలోచన మొదటి అడుగులోనే దారి తప్పుతోంది. కిడ్నీ గడ్డను కోసి మైక్రోస్కోప్ కింద పెడితే అందులో రోగనిరోధక కణాలు కుప్పలుగా కనబడతాయి, మిగతా చాలా రకాల క్యాన్సర్ల కంటే ఎక్కువగా. అంటే ఒంటికి గడ్డ సంగతి తెలుసు, పంపాల్సిన కణాలను అది పంపింది కూడా. మరి వెళ్లిన కణాలు అక్కడ ఎందుకు ఆగిపోయాయి? గత 30 ఏళ్లలో ఈ జబ్బుకు వచ్చిన మంచి మందుల్లో చాలా భాగం ఈ ప్రశ్న వెంటపడి వెళ్తే దొరికినవే, అందుకే దీన్ని నిదానంగా చూడాలి.

ముందు ఒంట్లో తనిఖీ ఎలా జరుగుతుందో తెలియాలి. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనే వ్యాపారి కుప్ప మొత్తం తిరగేయడు. గుప్పెడు లాగుతాడు, పింజ చూస్తాడు, ధర చెప్పేస్తాడు. మన కణాలు కూడా ఇలాగే మచ్చు చూపిస్తూ బతుకుతాయి. ప్రతి కణమూ తన లోపల తయారైన ప్రొటీన్లను చిన్న ముక్కలు చేసి, కొన్ని ముక్కలను తన పైపొర మీదికి తెచ్చి బయటికి కనబడేలా నిలబెడుతుంది. టీ కణాలు అనే రోగనిరోధక కణాలు రక్తంలోనూ కణజాలంలోనూ తిరుగుతూ ఆ మచ్చులను తడిమి చూస్తుంటాయి. ఒక్కో టీ కణానికి ఒక్కో రకం ముక్కే తెలుస్తుంది, అందుకే ఒంట్లో అవి కోట్ల రకాలుంటాయి. మన సొంత సరుకు అనిపిస్తే వదిలేస్తాయి. ఎప్పుడూ చూడని ముక్క కనబడితే, అది ప్రమాదమేనని డెండ్రిటిక్ కణాలు అనే ఇంకో జాతి కణాలు ముందే లింఫ్ గ్రంథుల్లో నేర్పించి ఉంటే, ఆ టీ కణం ఎదుటి కణం పొరకు చిల్లు పెట్టి లోపలికి విషపు ప్రొటీన్లు పంపి దాన్ని చంపేస్తుంది. ఈ చంపే పని చేసేవాటిని సీడీ8 టీ కణాలు అంటారు. ఈ వ్యాసమంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

కిడ్నీ క్యాన్సర్‌ను మన ఒళ్లు గుర్తుపడుతుందని నమ్మడానికి ఆధారాలు చాలా పాతవి. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిన కొందరిలో, కిడ్నీ మాత్రమే తీసేశాక, వేరే ఏ మందూ ఇవ్వకుండానే ఊపిరితిత్తుల్లోని మచ్చలు కరిగిపోయిన కేసులు దశాబ్దాలుగా నమోదవుతున్నాయి. ఇది 100 మందిలో ఒక్కరికి కూడా జరగదు, దాని మీద ఆశ పెట్టుకుని ఎవరూ కూర్చోకూడదు, కానీ ఆ ఒక్కరిలో జరిగిందంటే ఒంట్లో దాన్ని చంపగల సామర్థ్యం ఉందనే కదా అర్థం. ఇంకో ఆధారం కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల నుంచి వచ్చింది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాళ్లు జీవితాంతం రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడాలి, వాళ్లలో కిడ్నీ క్యాన్సర్ మామూలు జనం కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉండడం వల్ల పాత కిడ్నీల్లో ఏర్పడే నీటి తిత్తులకు కూడా ఇందులో వాటా ఉంది, ఆ మాట దాచకూడదు. ఆపరేషన్ అయి పదేళ్లు దాటాక, ఇక భయం లేదనుకున్నాక, ఎముకలోనో ఊపిరితిత్తిలోనో మళ్లీ కనబడడం కూడా ఈ జబ్బుకు ఉన్న గుణమే. అన్నేళ్లు ఆ కణాలను ఏదో ఒకటి అదుపులో పెట్టి ఉంచింది. అందులో రోగనిరోధక వ్యవస్థ చేయి ఉందన్నది చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

మరి టీ కణాలు ఆ గడ్డలో ఏం చూసి గుర్తుపడుతున్నాయి? ఇక్కడ ఒక చిక్కుంది. ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ మెలనోమాలో, పొగ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో జన్యువుల్లో తప్పులు వేలకొద్దీ ఉంటాయి కాబట్టి కొత్త ముక్కలు బోలెడు తయారవుతాయి, టీ కణాల పని సులువు. కిడ్నీ క్యాన్సర్‌లో తప్పులు అన్ని ఉండవు. అయినా అది ఇమ్యునోథెరపీకి, అంటే రోగనిరోధక వ్యవస్థ చేత పని చేయించే మందులకు, బాగా లొంగే క్యాన్సర్లలో ఒకటి. ఇదెలా సాధ్యమో చాలాకాలం అంతుపట్టలేదు. 2017లో వేల గడ్డల జన్యువులను పోల్చి చూసిన ఒక అధ్యయనంలో సమాధానం కొంత దొరికింది: కిడ్నీ క్యాన్సర్‌లో తప్పుల సంఖ్య తక్కువైనా, వాటిలో అక్షరం ఊడిపోయే లేదా అదనంగా చేరే రకం తప్పుల వాటా మిగతా క్యాన్సర్లన్నిటి కంటే ఎక్కువ.

అక్షరం ఊడిపోతే ఏమవుతుందో కడప పేరుతోనే చూడొచ్చు. జన్యువును కణం మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. "కడప పడవ పలక" అని మూడు మాటలున్నాయనుకోండి. ఒక అక్షరం మారి "కడప" కాస్తా "కడవ" అయితే ఒక్క మాటే చెడింది, మిగతా రెండూ భద్రం. అలా కాకుండా "డ" ఊడిపోయిందనుకోండి, చదివే కణం మాత్రం మూడేసి చొప్పునే చదువుకుంటూ పోతుంది: "కపప డవప లక". అక్కణ్నుంచి చివరిదాకా ఏ మాటా తెలిసిన మాట కాదు. ఇలాంటి ఒక్క తప్పు నుంచి తయారయ్యే ప్రొటీన్‌లో మన ఒళ్లు ఎన్నడూ చూడని ముక్కలు వరుసగా వస్తాయి. పది చిన్న తప్పుల కంటే ఇలాంటి ఒక్క తప్పు టీ కణం కంట్లో ఎక్కువ పడుతుంది.

ఇంకో మూలం ఇంతకంటే వింతగా ఉంటుంది. మన డీఎన్‌ఏలో దాదాపు 8 శాతం ఏనాడో మన పూర్వ జీవులకు సోకి వాటి జన్యువుల్లోనే ఉండిపోయిన వైరస్‌ల అవశేషాలు. మామూలు కణాల్లో అవి నోరు మూసుకుని పడి ఉంటాయి. కొన్ని కిడ్నీ క్యాన్సర్లలో వాటిలో కొన్ని మళ్లీ మేల్కొని ప్రొటీన్లు తయారుచేస్తాయి. టీ కణానికి అది వైరస్ సోకిన కణంలా కనబడుతుంది. దాత నుంచి మూలకణాల మార్పిడి చేయించుకున్న ఒక కిడ్నీ క్యాన్సర్ రోగిలో గడ్డలు తగ్గినప్పుడు, ఆ పని చేసిన టీ కణాలు గుర్తుపట్టింది ఇలాంటి పాత వైరస్ ముక్కనేనని 2008లో పరిశోధకులు చూపించారు.

అంటే ఒళ్లు చూసింది, పోల్చుకుంది, కణాలను పంపింది. మరి గడ్డ ఎలా బతికింది? దీనికి సమాధానం అనంతపురం రైతుకు చెప్పినంత సులువుగా ఇంకెవరికీ చెప్పలేం.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే జిల్లా. ఒక బోరు ఎండితే పక్కనే ఇంకోటి, అదీ పోతే పొలం ఆ మూలన ఇంకోటి. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పాయింట్ చూడడం, రాత్రికి రాత్రి బోరు బండి దింపడం, అప్పు చేసి మళ్లీ వేయడం. కరువు ఉన్నచోట అది అర్థమయ్యే పనే. ఇప్పుడు చెరువు నిండి అలుగు పారుతున్నా, కరువొచ్చిందని భ్రమపడి పొలమంతా బోర్లు వేయించే మనిషిని ఊహించండి. కిడ్నీ క్యాన్సర్ కణం సరిగ్గా ఆ స్థితిలో ఉంటుంది. ప్రతి నాలుగు కిడ్నీ క్యాన్సర్లలో దాదాపు మూడు క్లియర్ సెల్ రకానివి. వాటిలో చాలా ఎక్కువ భాగంలో వీహెచ్‌ఎల్ అనే జన్యువు, మూడో క్రోమోజోమ్ మీద ఉండేది, పాడైపోతుంది. ఆ జన్యువు చేసే ముఖ్యమైన పని: ఆక్సిజన్ సరిపడా ఉన్నప్పుడు హిఫ్ అనే కరువు సంకేతాన్ని ఎప్పటికప్పుడు చెరిపేయడం. చెరిపేవాడు పోయాక సంకేతం ఆగకుండా మోగుతూనే ఉంటుంది, చుట్టూ రక్తం పారుతున్నా కణం తనకు ఊపిరాడడం లేదనుకుంటుంది, వెంటనే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను కుమ్మరించి కొత్త రక్తనాళాలను పిలిపించుకుంటుంది. కణాలు ఆక్సిజన్‌ను ఎలా పసిగడతాయో, అందులో హిఫ్, వీహెచ్‌ఎల్‌ల పాత్ర ఏమిటో తేల్చినందుకే విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది.

రక్తనాళాలు పెరిగితే టీ కణాలు రావడానికి దారులు పెరిగినట్టే కదా అనిపిస్తుంది. అలా జరగదు. ఆత్రంగా వేసిన ఆ నాళాలు వంకర టింకరగా, కారుతూ ఉంటాయి. టీ కణం నాళం గోడకు అతుక్కుని లోపలికి దూరడానికి కావలసిన పట్టు ఆ గోడల మీద తగ్గిపోతుంది. అదే వీఈజీఎఫ్ ఇంకో దెబ్బ కూడా తీస్తుంది: టీ కణాలకు పాఠం చెప్పాల్సిన డెండ్రిటిక్ కణాలను ఎదగనివ్వదు. లోపలికి చేరిన టీ కణానికి తిండి కూడా సరిగ్గా దొరకదు, ఎందుకంటే గడ్డ కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా తినేసి చుట్టూ ఆమ్లాన్ని వదులుతాయి, లోపల కొవ్వును దాచుకుంటాయి. కోసినప్పుడు ఈ గడ్డ పసుపుపచ్చగా కనబడేది ఆ కొవ్వు వల్లే.

ఇక అసలు విచిత్రం. పెద్దపేగు క్యాన్సర్‌లో గడ్డ లోపల సీడీ8 టీ కణాలు ఎంత ఎక్కువుంటే రోగి అంత ఎక్కువకాలం బతుకుతాడని ఎన్నో అధ్యయనాలు తేల్చాయి. చాలా క్యాన్సర్లలో ఇదే లెక్క. కిడ్నీలో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, టీ కణాలు ఎక్కువున్న గడ్డలే చాలాసార్లు ఎక్కువ ప్రమాదకరంగా తేలాయి. మొదట్లో నమ్మబుద్ధి కాని ఈ ఫలితం మళ్లీ మళ్లీ వచ్చింది. కారణం ఆ కణాల సంఖ్యలో లేదు, వాటి పరిస్థితిలో ఉంది.

శెనిక్కాయ చేనుకు పందుల బెడద ఉన్న ఊళ్లలో రాత్రి కాపలా ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మొదటి వారం మంచె మీద మనిషి ప్రతి అలికిడికీ డబ్బా కొడతాడు, కేకేస్తాడు, టార్చి వేస్తాడు. నెలల తరబడి నిద్ర లేకుండా అదే పని చేయమంటే? మంచె మీదే ఉంటాడు, కళ్లు తెరిచే ఉంటాడు, పంది వచ్చినా చెయ్యి లేవదు. గడ్డలో టీ కణాలకు పట్టే ఈ స్థితిని అలసట అనే పిలుస్తారు. శత్రువు రోజూ ఎదురుగా ఉంటూ ఎంతకీ పోకపోతే టీ కణం తన పైపొర మీద పీడీ-1, టిమ్-3, ల్యాగ్-3 లాంటి బ్రేకులను ఒకదాని తర్వాత ఒకటి పైకి తెస్తుంది. క్యాన్సర్ కణాలు, వాటి పక్కన చేరిన మాక్రోఫేజ్‌లు పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌తో ఆ పీడీ-1 బ్రేకును నొక్కి పట్టుకుంటాయి. మాక్రోఫేజ్‌లు మామూలుగా చెత్త ఊడ్చే కణాలు, ఈ గడ్డల్లో మాత్రం చాలా భాగం ఎదుటి పక్షానికి పనిచేస్తాయి. వీటికి తోడు రెగ్యులేటరీ టీ కణాలనే ఇంకో రకం "చాలు, ఆపండి" అని చెప్తూ తిరుగుతుంటుంది. 2021లో వచ్చిన పరిశోధనల్లో జబ్బు ముదిరే కొద్దీ పూర్తిగా అలసిన టీ కణాలు, అణచివేసే మాక్రోఫేజ్‌లు రెండూ జతగా పెరుగుతూ ఒకదాన్నొకటి ఇంకా దిగజార్చుకుంటున్నట్టు కనబడింది. దశ తక్కువగా ఉన్న గడ్డల్లో ఈ అలసట అంతగా లేదు.

ఈ బ్రేకులను పెట్టింది క్యాన్సర్ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. జ్వరం వచ్చి తగ్గాక టీ కణాలు ఆగకపోతే మన ఊపిరితిత్తినో కాలేయాన్నో అవే తినేస్తాయి కాబట్టి ఒళ్లే వాటిని పెట్టుకుంది. గడ్డ వాటిని వాడుకుంటోంది.

కొన్ని గడ్డల్లో మాత్రం ఆశ కలిగించే సంగతి ఒకటి కనబడింది. డెండ్రిటిక్ కణాలు గుంపుగా ఉన్నచోట, గూడులాగా, ఇంకా అలసిపోని టీ కణాలు దాగి ఉంటాయి, అవి కొత్త టీ కణాలను పుట్టిస్తూ ఉంటాయి. అలాంటి గూళ్లున్న కిడ్నీ గడ్డలవాళ్లకు ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టడం తక్కువని 2019లో చూపించారు. కాబట్టి ఎన్ని టీ కణాలున్నాయని లెక్కపెట్టడం కంటే ఎలాంటివి ఉన్నాయో చూడడం ముఖ్యం.

ఈ పోరు గడ్డ దగ్గరే ఆగదు, ఒళ్లంతా తెలుస్తుంది. గడ్డ నుంచి ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి పదార్థాలు రక్తంలోకి వస్తాయి. సాయంత్రానికి సన్నటి జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, రక్తహీనత, ఒంట్లో వాపును సూచించే ఈఎస్‌ఆర్ రక్తపరీక్షలో ఎక్కువ రావడం, కొందరిలో కాలేయానికి జబ్బు పాకకపోయినా కాలేయ పరీక్షల్లో తేడాలు. మన దగ్గర ఈ లక్షణాలు చెప్తే ఎవరికైనా ముందు టీబీ గుర్తొస్తుంది, అది సహజం, టీబీ నిజంగానే ఎక్కువ. కానీ కఫం పరీక్షలో ఏమీ లేక, మందులకు జ్వరం లొంగకపోతే పొట్ట స్కానింగ్ ఒకటి చేయించమని అడగడం న్యాయమైన కోరిక, అదేమీ అతి అనుమానం కాదు.

చికిత్స వైపు వస్తే, కిడ్నీ క్యాన్సర్ మామూలు కీమోథెరపీకి లొంగదు. అందుకే ఈ జబ్బులో రోగనిరోధక వ్యవస్థను వాడుకునే ప్రయత్నాలు అందరికంటే ముందు మొదలయ్యాయి. 1992లో అమెరికాలో ఇంటర్‌ల్యూకిన్-2ను అధిక మోతాదులో ఇవ్వడానికి అనుమతి వచ్చింది. అది టీ కణాలకు ఎరువు లాంటిది. 100 మందిలో సుమారు 15 మందికి గడ్డలు తగ్గాయి, కొద్దిమందిలో పూర్తిగా పోయి ఏళ్ల తరబడి తిరిగి రాలేదు. మిగతావాళ్లకు దక్కింది మాత్రం పడిపోయే బీపీ, ఊపిరితిత్తుల్లో నీరు, ఐసీయూ మంచం. ఎరువు వేస్తే పైరుతో పాటు కలుపు కూడా పెరుగుతుంది, రెగ్యులేటరీ టీ కణాలు కూడా అదే ఇంటర్‌ల్యూకిన్-2 తిని బలిశాయి. "ఇమ్యూనిటీ పెంచడం" అనే ఆలోచనను నిజంగా, పూర్తి బలంతో, ఆసుపత్రిలో అమలు చేసి చూసిన అనుభవం ఇది.

మలుపు ఇంకో దారిలో వచ్చింది. జపాన్‌లో తసుకు హోంజో బృందం 1992లో పీడీ-1ను కనుక్కుంది. అమెరికాలో జేమ్స్ అలిసన్ సీటీఎల్‌ఏ-4 అనే ఇంకో బ్రేకును అడ్డుకుంటే ఎలుకల్లో గడ్డలు కరుగుతాయని చూపించాడు. ఇద్దరికీ కలిపి 2018లో నోబెల్ ఇచ్చారు. వాళ్ల ఆలోచనలో టీ కణాలకు కొత్తగా బలం పోయడం లేదు, బ్రేకు మీద ఉన్న చేతిని తీసేయడమే ఉంది. నివోలుమాబ్ అనే మందు పీడీ-1ను పట్టుకుని ఆ చేయి పడకుండా చేస్తుంది. అప్పటికే ఒక మందు పనిచేయక జబ్బు పెరిగిన కిడ్నీ క్యాన్సర్ రోగుల మీద 2015లో వచ్చిన ఫలితాల్లో, నివోలుమాబ్ తీసుకున్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 25 నెలలు, అప్పటిదాకా వాడుతున్న ఎవెరోలిమస్‌తో 19.6 నెలలు. 2018లో నివోలుమాబ్‌కు, సీటీఎల్‌ఏ-4ను ఆపే ఇపిలిముమాబ్‌ను జోడించి మొదటి చికిత్సగానే ఇచ్చారు. ప్రమాదం మధ్యస్థంగానో ఎక్కువగానో ఉన్న రోగుల్లో గడ్డలు తగ్గినవాళ్లు 42 శాతం, పాత మందు సునిటినిబ్‌తో 27 శాతం. పూర్తిగా మాయమైనవాళ్లు 9 శాతం, పాత మందుతో 1 శాతం. ఒళ్లంతా పాకిన కిడ్నీ క్యాన్సర్‌లో 9 శాతం అంటే చిన్న అంకె కాదు.

బోర్ల సంగతి గుర్తుందిగా. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మాత్రలు 2005 నుంచే ఉన్నాయి, గడ్డకు రక్తం తగ్గించడం కోసం వాడేవాళ్లు. అదే వీఈజీఎఫ్ రోగనిరోధక కణాలనూ అణచివేస్తోందని తెలిశాక, బోర్లు మూస్తూ బ్రేకు కూడా తీస్తే ఏమవుతుందని చూశారు. పీడీ-1ను పట్టుకునే పెంబ్రోలిజుమాబ్ ఇంజెక్షన్‌తో వీఈజీఎఫ్‌ను అడ్డుకునే ఆక్సిటినిబ్ మాత్రలు కలిపి ఇచ్చిన అధ్యయనంలో, 2019 లెక్కల ప్రకారం, ఏడాది తర్వాత బతికి ఉన్నవాళ్లు 89.9 శాతం, సునిటినిబ్ ఒక్కటే వాడినవాళ్లలో 78.3 శాతం. ఇవాళ ముదిరిన క్లియర్ సెల్ కిడ్నీ క్యాన్సర్‌కు మొదటి చికిత్స అంటే ఎక్కువగా ఇలాంటి జంటలే.

బ్రేకు తీసిన బండి ఎటైనా పోవచ్చు. థైరాయిడ్ దెబ్బతినడం, పెద్దపేగు వాపు, ఊపిరితిత్తుల వాపు, కాలేయ వాపు, అరుదుగా గుండె కండరం వాపు, ఇవన్నీ క్యాన్సర్ పాకడం వల్ల వచ్చేవి కావు, విడుదలైన టీ కణాలు సొంత అవయవాల మీద పడడం వల్ల వచ్చేవి. ఆఖరి డోసు అయిన నెలల తర్వాత కూడా రావచ్చు. సీమ రోగికి ఇక్కడే అసలు టెన్షన్. ఇంజెక్షన్ వేయించుకోవడానికి హైదరాబాద్‌కో బెంగళూరుకో పోతాడు, కర్నూలు నుంచి గానీ అనంతపురం నుంచి గానీ 200 కిలోమీటర్లకు పైమాటే. మూడు వారాలు ఇంటి దగ్గర ఉంటాడు, విరేచనాలు పట్టుకునేది ఆ మూడు వారాల్లోనే. ఎండాకాలం విరేచనాలంటే మామూలేననుకుని మెడికల్ షాపులో మాత్ర కొంటారు, లేకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ ఇచ్చి సెలైన్ ఎక్కిస్తాడు. ఇమ్యునోథెరపీ వల్ల వచ్చిన పేగు వాపుకు కావలసింది స్టెరాయిడ్, అదీ తొందరగా, సరైన మోతాదులో. రోజుకు నాలుగైదు సార్లకు మించి విరేచనాలు, కొత్తగా ఆయాసం, పచ్చబడిన కళ్లు, ఛాతీలో నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఇంజెక్షన్ వేసిన ఆసుపత్రికి అదే రోజు ఫోన్ చేయాలి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా "ఇమ్యునోథెరపీ నడుస్తోంది" అన్నది మొదటి మాట కావాలి, మందు పేరు, చివరి డోసు తేదీ చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటే ఇంకా మంచిది. స్టెరాయిడ్ పేరు వినగానే భయపడి మానేయడం ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

యాంటీబయాటిక్స్ గురించి ఇంకో మాట. 2018లో వచ్చిన అధ్యయనాల్లో, ఇమ్యునోథెరపీకి కాస్త ముందు యాంటీబయాటిక్స్ వాడిన కిడ్నీ, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు ఆ చికిత్స తక్కువ ఫలితమిచ్చింది. పేగుల్లోని బ్యాక్టీరియా టీ కణాల శిక్షణలో పాలు పంచుకుంటుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. నిజంగా ఇన్‌ఫెక్షన్ ఉంటే యాంటీబయాటిక్ వాడాల్సిందే. జలుబుకూ ఒళ్లు నొప్పులకూ మింగే అలవాటు మాత్రం ఈ రోగులకు ఖరీదైన అలవాటు.

మళ్లీ మొదట్లో చెప్పిన పొడుల దగ్గరికి వద్దాం. అలసిన టీ కణం మీద బ్రేకు నొక్కి ఉన్నంతకాలం దాన్ని ఎంత అదిలించినా ప్రయోజనం లేదు, ఏ కషాయమూ పీడీ-1 మీద చేతిని తీయలేదు. హాని కూడా ఉంది. కొవిడ్ కాలంలో ఇమ్యూనిటీ కోసం తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు, ఆ దెబ్బ రోగనిరోధక వ్యవస్థ సొంత కాలేయం మీద పడినప్పుడు కనబడే తీరులో ఉంది. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన ఎటు తేలినా, నివోలుమాబ్ లాంటి మందు నడుస్తున్నవాళ్లకు కాలేయ వాపు ముప్పు ముందే ఉంది, అలాంటప్పుడు తిప్పతీగ జోలికి పోవడం ఏ రకంగానూ తెలివైన పని అనిపించదు. అంతకన్నా పెద్ద నష్టం కాలం. నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డ, కిడ్నీ దాటనిది, చాలామందిలో కిడ్నీలో ఆ భాగం మాత్రమే కోసి తీసేస్తే నయమయ్యే జబ్బు. ఆరు నెలలు పసరు మందు వాడి చూద్దామని ఆగితే, ఆ ఆరు నెలలూ రోగి చేతిలో ఉన్న మంచి అవకాశంలోంచి పోతాయి. వయసు బాగా మీరినవాళ్లకు, గడ్డ మరీ చిన్నదైతే స్కాన్లు చేస్తూ కనిపెట్టి ఉండడం కూడా ఒక పద్ధతి, అది డాక్టర్ తేల్చాల్సింది. కర్నూలు పెద్దాసుపత్రిలో యూరాలజీ ఉంది, పుట్టపర్తిలో 1991 నుంచి నడుస్తున్న సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలోనూ ఉంది, కాబట్టి మొదటి అభిప్రాయం కోసం రాష్ట్రం దాటాల్సిన అవసరం లేదు.

గడ్డ తీసేశాక తిరగబెట్టే ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఏడాది పాటు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చి చూసిన అధ్యయనంలో నాలుగేళ్ల తర్వాత 91.2 శాతం మంది బతికున్నారు, ఇవ్వనివాళ్లలో 86 శాతం. ఉపయోగం ఉంది, ఖర్చు లక్షల్లో ఉంది. ముంబైలోని టాటా మెమోరియల్ డాక్టర్లు నోరు, గొంతు క్యాన్సర్లలో నివోలుమాబ్‌ను మామూలు మోతాదులో పదో వంతు కంటే తక్కువే ఇచ్చి, కీమో మాత్రలకు జోడించి, ఏడాది బతికినవాళ్ల శాతాన్ని 16.3 నుంచి 43.4కు పెంచగలిగారు. 2022లో వచ్చిన ఆ ఫలితం కిడ్నీకి నేరుగా వర్తించదు. కానీ సీమలో ఒక కుటుంబం పొలం అమ్మకుండా ఈ మందు వాడగలగాలంటే ఇలాంటి పరిశోధన కిడ్నీ క్యాన్సర్‌లో కూడా జరగాలి, అదీ మన దేశంలోనే జరగాలి, వేరేవాళ్లకు ఆ అవసరం లేదు.

బ్రేకు తీయడంతో పాటు టీ కణానికి శత్రువు గుర్తులు మళ్లీ నేర్పే ప్రయత్నం ఇప్పుడు నడుస్తోంది. అమెరికాలో బోస్టన్‌లోని డేనా ఫార్బర్ క్యాన్సర్ సంస్థలో తొమ్మిది మంది రోగుల గడ్డలు తీసి, ఒక్కొక్కరి గడ్డలోని జన్యు తప్పులు చదివి, ఆ తప్పుల నుంచి వచ్చే ముక్కలతో ఎవరికి వాళ్లకే ప్రత్యేకంగా వ్యాక్సిన్ తయారుచేశారు. అందరిదీ మూడో దశో నాలుగో దశో. ఫలితాలు 2025 ఫిబ్రవరిలో వచ్చాయి. తొమ్మిది మందిలోనూ కొత్త టీ కణాలు పుట్టాయి, వాటిలో కొన్ని వీహెచ్‌ఎల్ లాంటి, గడ్డకు మూలమైన జన్యువుల తప్పులనే గుర్తుపట్టాయి. మధ్యస్థంగా 40 నెలలు గమనించే సరికి ఒక్కరిలోనూ జబ్బు తిరగబెట్టలేదు. పోల్చి చూడడానికి వ్యాక్సిన్ వేయని గుంపు లేదు, తొమ్మిదే మంది, కాబట్టి దీన్ని గెలుపు అనడం తొందరపాటు. పెద్ద పరీక్షలు నడుస్తున్నాయి.

ఇవన్నీ ఆధారపడేది తీసిన గడ్డ గురించి పాథాలజీ ల్యాబ్ ఇచ్చే రెండు పేజీల కాగితం మీద. అది క్లియర్ సెల్ రకమా, పాపిలరీనా, క్రోమోఫోబా అన్నదాన్ని బట్టి ఇమ్యునోథెరపీ ఎంత పనిచేస్తుందో మారుతుంది. అందులో సార్కొమటాయిడ్ అనే మాట ఉంటే జబ్బు ఉధృతమైనదని అర్థం, అయితే అదే రకం బ్రేకు తీసే మందులకు మిగతావాటి కంటే బాగా లొంగుతుంది. గడ్డ ముక్కలను మైనంలో పెట్టి బ్లాకులుగా దాస్తారు, ఏళ్ల తర్వాత జబ్బు తిరగబెడితే కొత్త పరీక్షలు చేయడానికి అవే కావాలి. డిశ్చార్జ్ రోజు హడావుడిలో బిల్లులు జాగ్రత్తగా దాచుకుని ఈ కాగితాన్ని వదిలేసి వచ్చేవాళ్లే ఎక్కువ. బ్లాకుల నంబరేమిటో, అవి ఏ ల్యాబులో ఉన్నాయో అడిగి, ఆ రిపోర్టు వెనకే రాయించుకుని ఇంటికి రావాలి.